ఎర్ర కేపు

సెక్టర్ 4 క్లబ్బులో వేషాల పోటీకి మనవరాలు అమ్ముతో కలిసి సూపర్ హీరోలా, భుజాల మీంచి ఎర్ర కేపు వేలాడేసుకుని బయలుదేరిన కన్నమ్మకు, గుమ్మంలోనే కొడుకు తిరుమలరావు అడ్డు నిలిచాడు.

"ఏటమ్మా ఇది? నాన్న పోయి ఏడాదవలేదు, ఎర్ర కేపేటి? మన ఖుర్సీపార్ బస్తీ అంతా నవ్వుతాది."

"నవ్వనీరా. ఎర్రచీర కట్టొద్దన్నారు. కేపు వద్దని ఎవలన్నారు?"

"హీరోలు ఎవర్నో కాపాడ్డానికి వేషం కడతారు. నువ్వెవర్ని కాపాడతావు?"

కన్నమ్మ తడుముకోలేదు.

"నన్నే. ఆవేళ మీ అత్తలు నా గాజులు పగలగొడతంటే నువ్వు పక్కనే ఉన్నావు. ఆపడానికి ఎవలూ రానేదు. అందుకే ఇప్పుడు నేనే బయల్దేరాను."

కొడుకు తల దించుకుని పక్కకు జరిగాడు.

కన్నమ్మ అమ్ము చెయ్యి పట్టుకుని, పట్టపగలే, నడివీధిలోకి దిగింది.