వ్యూ పాయింటులో పొగమంచు

"ఏదయ్యా లోయ?" అన్నాడు రిటైర్డు హెడ్మాస్టరు. గైడు చొక్కా పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

గైడు ఎదురుగా చూశాడు. తెల్లగా, దట్టంగా పొగమంచు. చెయ్యి చాపితే తన వేళ్లు తనకే కనబడటం లేదు. తడుముకుంటే రెయిలింగు తగిలింది కాబట్టి, వ్యూ పాయింటు ఇదేనని ధైర్యం.

"ఎదురుగానే ఉందండీ. మంచు కాస్త..."

"కాస్తా! రెండొందల మెట్లెక్కించావు. నా మోకాళ్లు నా మాట వినడం మానేసి అరగంటయింది. ఫిర్యాదుల పుస్తకం పట్రా!"

గైడు పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ నెలలో పొగమంచు మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులొచ్చాయి. ఇంకొక్కటి వస్తే బ్యాడ్జీ బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపొమ్మని మేనేజరు నిన్ననే చెప్పాడు. తప్పు మంచుదే అయినా ఊడేది గైడు ఉద్యోగమే. మంచుకి బ్యాడ్జీ లేదు మరి.

"పుస్తకం ఇస్తానండీ. ముందు లోయ చూడండి" అన్నాడు తెగించి.

"ఏం చూడమంటావు, నా మొహం!"

"ఎడం పక్క నుంచి రండి. అదిగో, జంట శిఖరాలు. పెద్దది కాస్త పక్కకి వంగి ఉంది చూశారా? చిన్నదాని చెవిలో ఏదో చెబుతున్నట్టుంటుంది."

"ఏదీ?" అంటూ హెడ్మాస్టరు భార్య కళ్లజోడు తుడిచి పెట్టుకుంది.

"ఇంకొంచెం పైకి అమ్మగారూ. ఆ... అక్కడే!"

"ఆ! కనబడింది!" అందావిడ. నిజంగానే కనబడిందో, అన్ని మెట్లెక్కిన కష్టం దండగ కాకూడదనుకుందో ఆవిడకే తెలియాలి. "ఏమండీ, చిన్నది ఎంత ముద్దుగా ఉందో!"

"నువ్వు మరీనూ అక్కా" అన్నాడు ఆవిడ తమ్ముడు. మెళ్లో కెమెరా సంచీ వేలాడుతోంది కానీ, కెమెరా ఇంతవరకూ అందులోంచి బయటికి రాలేదు. "నాకు మంచు తప్ప ఏం కనబట్లేదు."

"నీకు చిన్నప్పట్నించీ ఎదురుగా ఉన్నవి కనబడవురా."

గైడుకి ఊపొచ్చింది. జంట శిఖరాల మధ్య నుంచి ఒక నదిని లాక్కొచ్చాడు. అది మామూలుగా ఉన్నదే. అంతటితో ఆగాడా, నది మధ్యలో లేని ద్వీపం ఒకటి పెట్టాడు. ద్వీపం నిండా కొంగల్ని వాలించాడు.

"ఎన్ని?" అన్నాడు హెడ్మాస్టరు అనుమానంగా.

"పదకొండండీ."

"పన్నెండు" అంది భార్య. "ఒకటి రాయి వెనకాల ఉంది."

హెడ్మాస్టరు రెయిలింగు మీదికి వంగాడు. ఇంటావిడకి పన్నెండు కొంగలు కనబడుతుంటే, ముప్పయ్యేళ్లు భూగోళం చెప్పిన తనకి ఒక్కటీ కనబడకపోవడం పరువు తక్కువ అనిపించింది. కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"రాయి వెనకాలున్నది కొంగ కాదే పిచ్చిదానా, నీటికాకి" అన్నాడు చివరికి.

"సరే, జలపాతం ఏదీ మరి?" అన్నాడు బావమరిది. "కింద బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాశారుగా!"

జలపాతం ఎక్కడో లోయ అడుగున ఉంటుంది. దాని చప్పుడు ఇక్కడికి వినబడదు. అయినా గైడు, ఏమైతే అయిందని "వినండి" అన్నాడు.

అందరూ చెవులు రిక్కించారు. దగ్గర్లోనే నీళ్లు దబదబా పడుతున్నాయి. అందరికంటే ముందు అదిరిపడ్డది గైడే. ఎనిమిదేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నాడు, ఇంత స్పష్టంగా ఏనాడూ వినలేదు.

"ఏదో ఘాటు వాసన కూడా వస్తోంది" అంది భార్య.

"ఔషధ మొక్కలండీ."

ఆవిడ గుండెల నిండా పీల్చుకుంది. బావమరిది ఇంకా నమ్మలేక "ఓహో!" అని అరిచాడు. మరుక్షణం "ఓహో!" అని జవాబొచ్చింది. దాంతో అతను సంచీ జిప్పు లాగి కెమెరా బయటికి తీశాడు.

"కాస్త తప్పుకోండి బావగారూ, నదికి అడ్డొస్తున్నారు."

"నువ్వే నా శిఖరానికి అడ్డం నిలబడ్డావు!"

"ఊరుకోండి ఇద్దరూ, కొంగలు లేచిపోతాయి" అని భార్య ఇద్దర్నీ కసిరి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోయేలోగా ఇది చూశాను. నాకిది చాలు."

గైడుకి సిగ్గేసింది, గర్వంగానూ అనిపించింది. కాస్త పరీక్షగా చూస్తే తనకీ ఆ ద్వీపం కనబడేలా ఉంది.

అంతలో గాలి విసిరింది. తెర లాగినట్టు మంచు విడిపోయింది.

రెయిలింగుకి పదడుగుల దూరంలో మరుగుదొడ్ల వెనక గోడ. నిలువెత్తున నాచు పట్టి ఉంది. గోడ మీద ట్యాంకు నిండిపోయి నీళ్లు పొర్లుతున్నాయి.

గైడు మెల్లగా వెనక్కి తిరిగాడు. అక్కడ ఇంకో రెయిలింగు. దాని అవతల ఎండలో మెరిసిపోతూ అసలైన లోయ, నదితో సహా. మంచులో ఈ పక్క రెయిలింగు తడిమి, అదే ఆ పక్కదనుకున్నాడు.

బ్యాడ్జీ ఊడదీశాడు. "సార్... ఒక్కసారి వెనక్కి తిరగండి. లోయ అటుంది."

భార్య భుజం మీంచి ఒక్క చూపు చూసి మళ్లీ గోడ వైపు తిరిగింది. "అటు కొంగల్లేవు" అంది.

హెడ్మాస్టరు మొహం జేవురించింది. "దారుణం! ఇంతకంటే అన్యాయం ఉంటుందా!"

"తప్పయిపోయిందండీ" అని గైడు బ్యాడ్జీ ఆయన చేతిలో పెట్టాడు.

హెడ్మాస్టరు దాన్ని మళ్లీ గైడు చొక్కాకి గుచ్చి, భుజం తట్టాడు.

"నీ తప్పేముందయ్యా? నువ్వు చక్కగా చూపించావు. అంత అందమైన లోయకి అడ్డంగా ఈ గోడ కట్టిన వాడిని అనాలి!"