తోడల్లుళ్ళ రేసు

"మళ్ళీ మూసుకుపోయింది!" అంటూ ఛాంపియన్ బల్ల మీద గుద్దాడు. మౌస్ ఎగిరిపడింది.

కార్ల రేసు ఆట తెరవగానే కార్లు వరసలో నిలబడుతున్నాయి. అంతలోనే తెర నల్లబడి ఆట తనంతట తనే మూసుకుపోతోంది. పొద్దున్నే ఇంటర్నెట్‌లో వెతికి అతనొక మోడ్ దించుకున్నాడు. మోడ్ అంటే ఆటకి బయటివాళ్ళెవరో తయారుచేసిన అతుకు. ఇది తగిలిస్తే తన కారు ఎవరికీ అందదట. తగిలితే కదా!

మధ్యాహ్నం తోడల్లుడు భోజనానికి వస్తున్నాడు. తిన్నాక రేసు. ఓడినవాడు గెలిచినవాణ్ణి బతికినంతకాలం 'గురువుగారూ' అని పిలవాలి. అందరి ముందూ మీసం తిప్పి ఆ షరతు పెట్టింది ఛాంపియనే. అప్పట్లో ఈ ఇంట్లో అతనికి ఎదురులేదు మరి. తోడల్లుడి ఇంట్లో ఆడినప్పుడు మాత్రం గెలుపు తోడల్లుడిదే. "ఆ ఇంటి కుర్చీ నాకు పడదు" అని ఛాంపియన్ సర్దిచెప్పుకునేవాడు.

కానీ నెలరోజులుగా ఎవరి దిష్టి తగిలిందో, సొంత కుర్చీలో కూర్చున్నా కారు వెనకబడిపోతోంది. మొన్న చూడ్డానికొచ్చిన అత్తగారు సరదాకి ఆడితే ఆవిడ చేతిలో కూడా ఓడిపోయాడు. ఆవిడ కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"పోనీ, ఈసారికి పందెం మానెయ్యకూడదుటండీ?" అంది భార్య గుమ్మంలోంచి. పొద్దుట్నుంచి ఆ గదిలోకి పదేపదే వస్తూనే ఉంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

"నువ్వెళ్ళు. ఇది నీకర్థమయ్యే వ్యవహారం కాదు."

ఆమె వెళ్ళలేదు. అతను కంప్యూటర్ల షాపుకి ఫోన్ చేశాడు. షాపావిడ ఎత్తింది. విషయం విని, "దించుకున్న జిప్ ఫైలు మూటని విప్పే పెట్టారా అండీ?" అనడిగింది.

"విప్పకుండా ఎవరైనా పెడతారా?"

"విప్పాక ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. పెట్టాల్సింది లోపలిదాన్ని. చూడండోసారి."

చూశాడు. ఉంది. నాలుక కరుచుకుని లోపలిదాన్ని తీసి పెట్టాడు. ఈసారి ఆట మూసుకుపోలేదు గానీ తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది.

"ఇలాంటి మోడ్ ఇంకొకటి ఇప్పటికే ఉందంటోందండీ!"

"అయితే ఆ పాతది తీసెయ్యండి."

"పాతదేమిటి? నేను జన్మలో మోడ్ పెట్టినవాణ్ణి కాదు. ఇన్నాళ్ళూ గెలిచిందంతా నా వేళ్ళ మహిమే!"

"మోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి."

తెరిచాడు. తను పెట్టినదాని పక్కనే 'కొత్త ఫోల్డర్' అని ఇంకొకటి ఉంది. దాని తేదీ చూస్తే, ఈ ఆట కొన్న కొత్తల్లోది. ఛాంపియన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"వాడే! అప్పట్లో వచ్చి నాలుగు రోజులు ఇక్కడే తిష్ఠ వేశాడుగా, అప్పుడే నా కారుకి ఏదో చేతబడి చేసి పోయాడు. దొంగవెధవ!" దొంగదారిన గెలవడానికి దించుకున్న మోడ్ ముందు కూర్చునే అన్నాడా మాట.

"మా చెల్లెలి మొగుణ్ణి దొంగంటారేమిటండీ? ఆ ఫోల్డర్ని అలా ఉండనివ్వండి. తీస్తే ఏమవుతుందో ఏమో!" భార్య ఒక్క అంగలో వచ్చి గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"దొంగని దొంగ అనక దొర అంటారా?"

"తీసేముందు అందులో ఏముందో చూసుకోండి," అంది ఫోన్‌లో షాపావిడ. "రీడ్‌మీ అని చిన్న ఫైలుంటుంది, ఆ మోడ్ ఏం చేస్తుందో అందులో రాసుంటుంది."

మరిది బండారం భార్యకి వినబడాలని ఛాంపియన్ గట్టిగా చదివాడు. "ఎర్రకారు వెనకబడిన ప్రతిసారీ మిగతా కార్లు వాటంతట అవే..." గొంతు తగ్గిపోయింది. "...నెమ్మదిస్తాయి."

అతనిది ఎర్రకారు. మొదటి రోజు నుంచీ ఎర్రకారే. తోడల్లుడు నీలంకారు వదలనట్టే, ఇతనూ ఇంకో రంగు ముట్టుకోడు.

"మీ ఆటకి ఈమధ్య అప్‌డేట్ ఏమైనా వచ్చిందా అండీ?" అనడిగింది షాపావిడ.

"వచ్చింది... నెల క్రితం."

"అదీ సంగతి. అప్పట్నుంచీ పాత మోడ్ పనిచేయడం మానేసుంటుంది. ఊరికే అడ్డం పడుంది. అది తీసేస్తే మీ కొత్తది నడుస్తుంది," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఛాంపియన్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళ గెలుపుల్లో తనది ఒక్కటైనా ఉందా? తోడల్లుడు తనని గెలిపించే మోడ్ ఎందుకు పెడతాడు? మరింకెవరు? వెనక్కి తిరిగాడు. గదిలో భార్య లేదు. బల్ల మీద గిన్నె మాత్రం ఉంది.

కాలింగ్ బెల్ మోగింది.

తోడల్లుడు వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. ఎప్పుడూ వస్తూనే తొడగొట్టే మనిషి, ఇవాళ వేళ్ళు విరుచుకుంటున్నాడు. అతని భార్య చెప్పులు విప్పీ విప్పకముందే వంటింట్లోకి దూరింది.

"పందెం తప్పదంటారా అన్నయ్యగారూ? నాకు పొద్దుట్నుంచి కొంచెం తలనొప్పిగా ఉంది."

"ఉండు తమ్ముడూ, మంచినీళ్ళు తాగొస్తాను," అన్నాడు ఛాంపియన్. లేచి వంటింటి వైపు నడిచాడు.

వంటింటి గుమ్మం దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. లోపల మరదలు తన భార్య చెవి దగ్గర చేరి గుసగుసలాడుతోంది.

"అక్కా, నువ్విచ్చిన ఫైలు మా ఇంట్లో కూడా పనిచేయడం మానేసిందే! ఈయన నెలరోజులుగా కంచం ముందు నుంచి అలిగి లేచిపోతున్నారు. కొత్తదేదైనా ఉంటే తొందరగా పంపవే, ఈసారి కూడా నీలంకారుకే!"