పండు తీపి

బాబాయ్ కోటు జేబులోంచి తీసిన చెంచాతో కాఫీని జుర్రున పీల్చి, నోరంతా పుక్కిలించి, డబ్బాలో తుపుక్కున ఉమ్మాడు. రుచి చూసి సరుకుకి ధర కట్టడం ఆయన వృత్తి. పక్కన నిలబడి చూసేవాళ్లకి మాత్రం రోత. గింజలు తెచ్చిన కాఫీ తోటావిడ ఒకడుగు వెనక్కి జరిగింది.

"చక్కెర పాకం," అన్నాడాయన మొహం వికారంగా పెట్టి. "గింజల్ని పాకంలో నానబెట్టి తెచ్చింది. ఛీ, నోరంతా జిగట."

"మా ఇంట్లో టీలోకే చక్కెర చాలదయ్యా, గింజలకెక్కడ పోస్తాను?" అంది తోటావిడ. "ఎర్రగా పండిన కాయే కోశాం. ఒక్క పచ్చికాయ కనబడినా గంప మొత్తం మళ్లీ ఏరించాను. ఆ తీపి పండుదే."

"అందరూ చెప్పేది అదే. కాకిపిల్ల కాకికి ముద్దు."

కాఫీ కొట్టు యజమానురాలు ఆయన అన్నకూతురు. ఆవిడ తన చెంచాతో ఇంకో గుక్క తీసుకుంది. "నాకు అంత తీపి తగల్లేదు బాబాయ్. ఆఖర్న సన్నగా, మాగిన పండు తిన్నట్టుంది. చక్కెర లేకుండా తాగొచ్చు. మనం వెతుకుతున్నది ఇదే కదా?"

"నువ్వు ఊరుకో అమ్మడూ. ముప్ఫై ఏళ్ల నాలుక నాది. కల్తీ అని రాసి మిగతా కొట్లవాళ్లందరికీ పంపించు."

"అలా రాస్తే ఈవిడ పంట ఇంకెవరూ ముట్టుకోరు."

"ముట్టుకోకూడదనే. ఇలాంటి సరుకంటే నాకు కంపరం."

తోటావిడ ఒకడుగు ముందుకేసింది. "ఏడాది కష్టమయ్యా. మీ నాలుక తప్ప ఇంకో సాక్ష్యం లేదా?"

"ఎందుకు లేదూ? చీమలున్నాయి. వాటికి మొహమాటాలు తెలీవు."

కిటికీ గట్టు మీద చీమల బారు సాగుతోంది. బాబాయ్ ఆ దారికి అడ్డంగా వేయించిన గింజలు గుప్పెడు పోశాడు. అలవాటు కొద్దీ ఎంగిలి చెంచాని కోటు జేబులోకి తోశాడు. అది ఆయన సొంత చెంచా, ఇంకెవర్నీ తాకనివ్వడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి అదో పట్టింపు, కడుక్కోవడం మాత్రం పట్టింపులోకి రాదు. కోటు విప్పి కిటికీ పక్క కొక్కేనికి తగిలించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముందు వచ్చిన చీమ ఒక గింజని తడిమింది.

"చూశావా?" అన్నాడు.

చీమ గింజ దిగిపోయింది. వెనకాల వచ్చిందీ అంతే. బారంతా కుప్పని చుట్టి వెళ్లి, గోడ పట్టుకుంది.

తోటావిడ ఊపిరి పీల్చుకుంది. బాబాయ్ మాత్రం తగ్గలేదు. "వీటికి ఆకలి లేనట్టుంది. నువ్వు రాయి అమ్మడూ."

"ఆకలి లేకపోతే ఎక్కడికి పోతున్నాయి?" అమ్మడి చూపు గోడ మీద పాకుతూ పైకి వెళ్లింది. చీమలు కోటు అంచు ఎక్కాయి. అక్కణ్ణించి వరసగా జేబులోకి దిగుతున్నాయి.

బాబాయ్ రంగు మారింది. "ఉండు, నేను దులుపుకుంటాలే," అంటూ చెయ్యి చాపాడు.

అప్పటికే అమ్మడు జేబులో చెయ్యి పెట్టింది. పెట్టిన మరుక్షణం మొహం చిట్లించింది.

చెంచా బయటికొచ్చింది, దాని గుంటకి అతుక్కుపోయి చీమలు పట్టిన, సగం చప్పరించి దాచుకున్న దగ్గుబిళ్లతో సహా.