చెంచా వెనక ముద్ర

“ఆ మాట కొట్టెయ్యకు, ఫిలీనా. పోయిన మనిషి చేతిరాత అది,” అన్నాడు పైక్.

అమెరికాలోని న్యూబరీపోర్ట్ ఊరి పాత వెండిపనివాళ్ల వివరాలను ఆమె భర్త వెండెల్ పోయేదాకా ఇరవై ఏళ్లు కార్డుల మీద రాశాడు. రేపు అవి పుస్తకంగా అచ్చుకు వెళ్తాయి. పైక్ ముత్తాత కార్డు మీద ‘తయారీదారు’ అని ఉంది.

ఫిలీనా వెండి చెంచా తిరగేసి భూతద్దం పెట్టింది. “మీ ముత్తాత పేరు కింద ఇంకో ముద్ర నలిగి ఉంది. జె.టి. అని. చేసింది ఆ మనిషి. మీ ముత్తాత దాని మీద తన పేరు ముద్ర వేసి కొట్లో అమ్మాడు.”

“ఎవడా జె.టి.?”

“తెలీదు.”

“ఊరూ పేరూ లేనివాడి కోసం మావాణ్ణి ఉత్త దుకాణదారుణ్ణి చేస్తావా? ఆ ముద్ర కనపడకపోవడానికి వెండెల్ ఏమన్నా గుడ్డివాడా?”

ఫిలీనా కార్డు మీది తారీఖు చూసింది. ఆయన పోవడానికి నెల ముందు రాసింది.

“అప్పటికి ఆయన చూపు ఆనక కాఫీ కప్పు కోసం కూడా తడుముకునేవాడు, పైక్ గారూ. నాతో పైకి అనేవాడు కాదు. మరి ఈ ముద్ర ఎలా చదివాడు?”

పైక్ కిటికీ వైపు తిరిగాడు.

“ఎవరు చదివి పెట్టారు?”

“నేనే. వెండెల్ నీకు చెప్పొద్దన్నాడు.”

ఫిలీనా కలం మూత తీసింది.

“అయితే ఈ మాట మీదే. ఆయనది కాదు,” అని ‘తయారీదారు’ మీద అడ్డంగా గీత గీసింది.