నిగనిగలాడే టైర్లు

నిన్న కారు చుట్టూ తిరిగి చూసి వెళ్ళిన పెద్దావిడ మళ్ళీ వచ్చింది. గేటు బయట ఆపిన కారు పక్కన వంగి, ముందు టైరును బొటనవేలితో నొక్కి చూసింది.

పాతకాలం కారు అది. గుండ్రటి లైట్లు, పొడవాటి బానెట్. తండ్రి పోయాక కొడుకు చేతికొచ్చింది. కొడుక్కి అదంటే ప్రాణం. పొద్దున్నే లేచి తుడుస్తాడు, టైర్లకు నల్ల పాలిష్ పట్టిస్తాడు. నడిపేది మాత్రం తక్కువ. వీధిలో వాళ్ళు ఆయన్ని తుడుపాయన అంటారు, ఆయనకు వినబడకుండా.

"ఏం కావాలండీ?" అన్నాడు తుడుపాయన.

"ఈ టైర్లు మార్చేయి బాబూ."

"ఎందుకండీ? గ్రిప్పు చూడండి, ఎక్కడైనా అరిగిందా?"

"అరగలేదు. ముసలివైపోయాయి. తిరక్కపోయినా రబ్బరు ఎండిపోతుంది. నీ పాలిష్ కింద పగుళ్ళు కనబడవు. వీటితో దూరం మాత్రం పోకు."

తుడుపాయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఇవి మా నాన్న వేయించిన టైర్లు. కారు కొన్న రోజే దగ్గరుండి మరీ వేయించాడట. వీటిని నేను తీయను."

ఆవిడ కుడికాలు కాస్త ఈడుస్తూ వెళ్ళిపోయింది.

"ఎవరు నాన్నా?" అంది కూతురు.

"ఏ టైర్ల కొట్టువాళ్ళో పంపి ఉంటారు."

అన్నాడే గానీ మనసు కుదురుగా లేదు. పరీక్షలయ్యాక సముద్రం దగ్గరికి తీసుకెళ్తానని కూతురికి మాటిచ్చాడు. ఆదివారమే ప్రయాణం. పెద్ద రోడ్డు మీద, ఈ కార్లో. పిల్ల అప్పుడే సంచి సర్దేసుకుంది.

అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి టైర్లు చూసొచ్చాడు. చెయ్యి కడుక్కోబోయి మళ్ళీ వెళ్ళాడు.

"దానికీ ఓ కంచం పెట్టనా?" అంది భార్య.

మార్చేద్దాం, పీడా పోతుంది అనుకుని టైర్ల కొట్టు దాకా నడిచాడు. గుమ్మం ముందు నిలబడి, వెనక్కి తిరిగొచ్చేశాడు. సీట్ల గుడ్డ మారింది. అద్దాలు మారాయి. రంగు మారింది. నాన్న చెయ్యి తగిలినవి ఇంకేం మిగిలాయి ఆ కార్లో?

శనివారం ఆవిడ మళ్ళీ కనబడేసరికి చిర్రెత్తుకొచ్చింది.

"చూడమ్మా, ఈ కారు ఇంతవరకు ఎవరికీ చీమ కుట్టినంత అపకారం చేయలేదు. ఊరికే అపశకునం పలక్కండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. మెల్లగా అడిగింది.

"పాప ఎక్కడ కూర్చుంటుంది?"

"ముందు, నా పక్కన. ఎందుకు?"

ఆవిడ ముందు సీటు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి కారు నేలకు అంటుకుపోయి ఉంది. నాలుగు టైర్లలోనూ గాలి లేదు. ఆఖరి టైరు దగ్గర ఆవిడ చతికిలబడి ఉంది, గుప్పెట్లో వాల్వు మూతలతో.

తుడుపాయనకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా మీకు? పెద్దవాళ్ళు కదా అని ఊరుకుంటే ఇంత పని చేస్తారా? ఆ పిల్ల ఏడుస్తోంది, కనబడుతోందా?"

ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు. ఆవిడ కారు తలుపు పట్టుకుని లేచింది.

"తిట్టు బాబూ. ఇవాళ్టికి ఆగిపోతే చాలు."

"మళ్ళీ ఈ వీధిలో కనబడితే మర్యాద దక్కదు. వెళ్ళండి."

ఆవిడ మూతలు అతని చేతిలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

కబురు పెడితే టైర్ల కొట్టతను గాలి పంపుతో వచ్చాడు. గొట్టం తగిలించబోయి ఆగాడు.

"సార్, ఇటొచ్చి చూడండి."

కారు బరువుకి టైరు పక్కభాగం మడత పడింది. మడత దగ్గర పాలిష్ విచ్చుకుని, పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. లోపలి దారాలు బయటికి కనబడుతున్నాయి.

"గాలి నిండుగా ఉంటే ఇది కనబడేది కాదు సార్. పెద్ద రోడ్డెక్కి వేడెక్కిందంటే పేలిపోయేది. ముందుది ఇంకా ఘోరంగా ఉంది."

తుడుపాయన కూతురి వైపు చూడలేకపోయాడు. ఆవిడ వీధి చివరి ఇంట్లో ఉంటోందని పక్కింటివాళ్ళు చెబితే అక్కడికి పరుగున వెళ్ళాడు.

తలుపు తీసింది ఆవిడ చెల్లెలు.

"మా అక్కా? ఇప్పుడే బస్సెక్కింది. నాలుగు రోజులుందామని వచ్చింది పాపం. మీరన్న మాటలన్నీ ఇక్కడి దాకా వినబడ్డాయి లెండి."

క్షమించమని చెప్పేలోపే తలుపు పడింది.

ఇంట్లో తల్లి మంచం మీద లేచి కూర్చుంది. చూపు ఆనక గది దాటి రావడం లేదు.

"ఏమిట్రా ఆ గొడవ?"

తుడుపాయన జరిగిందంతా చెప్పాడు. తల్లి మధ్యలో ఆపింది.

"కుడికాలు ఈడ్చి నడుస్తుందా?"

"అవునమ్మా. నీకు తెలుసా?"

"మీ నాన్న ఈ కారు కొన్నది ఆవిడ దగ్గరేరా. నువ్వప్పుడు ఉద్యోగమని వేరే ఊళ్ళో ఉన్నావు. అమ్మేటప్పుడు ఒక్కటే అడిగింది, పాత టైర్లు తీసేసి గానీ బండి రోడ్డెక్కించొద్దని. మాటిచ్చాడు గనకే ఆయన దగ్గరుండి మార్పించాడు."

తుడుపాయన మంచం పక్కన కూర్చున్నాడు.

"అంతగా ఎందుకడిగిందమ్మా?"

తల్లి, మనవరాలు ఎక్కడుందో చెవి పెట్టి విని, గొంతు తగ్గించింది.

"టైరు పేలినప్పుడు ఈ కారు నడుపుతున్నది ఆవిడేరా, ముందు సీట్లో, పక్కన కూర్చున్నది వాళ్ళ పాప."