కొండగట్టు దారి

"నిన్న కొత్తపల్లి రాకముందే దిగిన. పొద్దుగాల చూస్తే కొత్తపల్లి దాటింది! గీ మిషిన్‌కు పిచ్చి లేసిందా?"

దామోదర్‌రావు సైకిలు మీద కూర్చుని టీవీ వంక అయోమయంగా చూశాడు. ఆ సైకిలు కదలదు. తొక్కినకొద్దీ టీవీలో కొండగట్టు దారి కదులుతుంది. దిగినచోట ఆగి, మర్నాడు అక్కణ్ణుంచే మొదలవ్వాలి. కొడుకు విద్యాధర్ ఆ దారంతా వీడియో తీసి మరీ అందులో పెట్టాడు.

మనవరాలు శ్రేయ డెంగీతో చావు అంచులదాకా వెళ్లినప్పుడు, హనుమాన్ జయంతికి సైకిలు మీద కొండగట్టుకు వస్తానని మొక్కుకున్నాడాయన. పిల్ల బతికింది. ఇంతలో ఆయన గుండెకు స్టెంటు పడింది. రోడ్డెక్కొద్దు, ఇంట్లోనైనా రోజుకు కిలోమీటరే అన్నాడు డాక్టరు. ఇంకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లున్నాయి. జయంతికి రెండు వారాలే ఉన్నాయి. మొక్కు తప్పితే పిల్లకేమవుతుందోనని ఆయన ప్రాణం పీచుపీచుమంటోంది.

"పరేషాన్ గాకుండ్రి సార్," అన్నాడు డ్రైవరు యెషయా, గోడకున్న కారు తాళాలు అందక మునివేళ్ల మీద లేస్తూ. వీళ్లు లేవకముందే లోపలికొచ్చి తాళాలు తీసుకుని కారు కడుగుతాడతను. ఆనాడు శ్రేయను చేతుల మీద ఆస్పత్రిలోకి మోసుకుపోయిందీ అతనే. "దేవుడే జర ముందుకు నెట్టిండనుకోండ్రి."

"గంతేనంటవా?" దామోదర్‌రావు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత కూడా అదే వరస. పొద్దున్నే చూస్తే దారి ముందుకు జరిగి ఉండేది, సీటు కిందికి దిగి ఉండేది. ఆయన సీటు పైకి లాక్కుని, చెంపలేసుకుని ఎక్కేవాడు. టీవీలో గంగాధర ఊరు వచ్చింది, పూడూరు వచ్చింది.

జయంతి ముందురోజు టీవీలో కొండ కనిపించింది. దామోదర్‌రావు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. భార్య తారాబాయి మాత్రం గోడ క్యాలెండరు ముందు నిలబడిపోయింది. రోజూ దారి ఎంత జరిగిందో ఆయన దాని మీదే రాసుకున్నాడు.

"అన్ని దినాలు నెట్టిన దేవుడు గీ రెండు దినాలు ఎందుకు నెట్టలే?"

"ఏ దినాలు?"

"రెండూ ఆదివారాలే."

దామోదర్‌రావు బుర్ర గోక్కున్నాడు. మంగళవారం నెట్టాడు, శనివారం నెట్టాడు. ఆదివారం దేవుడికి సెలవేమిటి? కిటికీలోంచి బయటికి చూశాడు. యెషయా తొడలు పిసుక్కుంటూ, రేపటి కొండగట్టు ప్రయాణానికి కారు తుడుస్తున్నాడు.

ఆదివారాలు యెషయా చర్చికి పోతాడు.