శనివారం నొప్పి

చనిపోయిన భర్త తుపాకిని అప్పగించడానికి ఉమ షూటింగ్ క్లబ్బుకు వెళ్లింది. సింగపూర్‌లో సొంత తుపాకినైనా ఇంటికి తీసుకెళ్లనివ్వరు. అందుకే ఆమె దాన్ని చూడడం అదే మొదలు. మూరెడు రివాల్వర్.

“దీన్ని పేల్చి పేల్చే ఆయన మణికట్టు పాడైపోయింది,” అంది.

క్లబ్బు ఉద్యోగి సురేన్ ఇబ్బందిగా చూశాడు. “అంకుల్ పేల్చలేదు ఆంటీ. కొన్న రోజు ఒక్క షాట్, అంతే. ఆ సౌండ్‌కి చాలా భయపడిపోయారు. తర్వాత ప్రతి శనివారం వచ్చి, తుడిచి, లోపల పెట్టేసి వెళ్లేవారు.”

ఉమ తన అరచేతుల వైపు చూసుకుంది.

తొమ్మిదేళ్లు, ప్రతి శనివారం సాయంత్రం ఆయన మూలుగుతూ చెయ్యి చాపేవాడు. ఆమె విసుక్కుంటూనే బామ్ రాసేది. ఇప్పటికీ ఆ వేళకు ఆమె అరచేతులు అదే వాసన వేస్తాయి.

వారం మొత్తంలో ఆమె ఆయన చెయ్యి పట్టుకునేది అప్పుడే.